ఎనిమిదో ముక్క

డిస్కు నిండిందని ఎర్రగీత చెబుతోంది.
సెడూనాలో రాత్రి పదకొండున్నర,
ఫైళ్ళ పేర్లలో ఇంకా మధ్యాహ్నం రెండే.
గ్రీనిచ్ గడియారానికి మా గోధుమల రేవు తెలీదు.
తొమ్మిది గంటలు ముందుండి,
పైన ఒక అరగంట కొసరు వేయించుకున్న ఊరు ఇది.

పగలంతా థెవెనార్డ్ సైలో దగ్గర
లారీ లారీకీ గొట్టం గుచ్చి గింజలు తీస్తాను.
మెతుకు పట్టుకుంటే అన్నం సంగతి తెలుస్తుందంటారే,
నా జీతం ఆ సామెత మీదే.
రాత్రి ఇంటికొస్తే మాత్రం
దోసెడు చాలదు, లారీ లారీనే దాచుకుంటాను:
పెరట్లో బట్టల తీగ పక్కన ఇంకో రాగి తీగ,
అగ్గిపెట్టంత రిసీవరు,
లాప్‌టాప్ నిండా జారిపోయే నీలం, పసుపు.

ఇది టేపు కాదు.
టేపులో విన్నదే ఉంటుంది,
ఇందులో విననిదీ ఉంటుంది.
బ్యాండు బ్యాండంతా ఫైల్లో పడుకుని ఉంటుంది.
నిన్నటి రాత్రిలోకి ఇవాళ వెళ్ళి ముల్లు తిప్పొచ్చు,
నిన్న దాటేసిన గొంతు దగ్గర
ఇవాళ కాసేపు ఆగొచ్చు.

అందుకే చెరపాలంటే చెయ్యాడదు.
చదివిన ఉత్తరం చింపడం వేరు,
విప్పని కవరు పొయ్యిలో వెయ్యడం వేరు.

అయినా వేస్తాను.
పదకొండు నిమిషాలకి రెండు గిగాబైట్లు.
అక్కడ ప్రోగ్రాం పుటుక్కున తెంపి కొత్త ముక్క మొదలెడుతుంది.
మాట మధ్యలోనా, ఊపిరి మధ్యలోనా
అని చూడదు.

కాటా గదిలో పనిచేసే నోరీన్ అడిగింది:
"పద్నాలుగో తారీకు, తెల్లవారుజామున మూడింటికి
నీ డబ్బాలో మా తమ్ముడేమైనా పడ్డాడా?"
చుక్కాని విరిగి, ఇంకో పడవ లాక్కొస్తే ఒడ్డెక్కాడు కెల్.
పిలిచానంటాడు వాడు, పలకలేదంటాడు.
రేడియో తలగడ పక్కనే ఉంది,
కన్ను మూతపడలేదు, పిలవలేదంటుంది ఈమె.
పది రోజులుగా మాటల్లేవు.

పద్నాలుగులో వెతికాను, లేదు.
తర్వాత నాలిక కరుచుకున్నాను:
గ్రీనిచ్‌లో అది పదమూడు, సాయంత్రం అయిదున్నర.
ఏడో ముక్క చివర
నాలుగు వేల నూట పాతిక కిలోహెర్ట్జ్ దగ్గర
ఉప్పు వేగుతున్నట్టు రొద.
రొదలోంచి, తడిసిన గొంతు:
"నోరీన్. నోరీన్. వింటు"

అంతే. ముక్క అయిపోయింది.

ఎనిమిదోది మంగళవారం నేనే చెరిపాను.
పూర్తిగా చూడలేదు.
మధ్యలో ఒకచోట మెతుకు పట్టుకుని చూశాను,
ఉత్త రొద అనుకున్నాను.
ఆమె పలికిందో, నిద్రపోయిందో,
వాడే మైకు దించేశాడో,
పదకొండు నిమిషాలు నా చూపుడువేలి కింద పోయాయి.

హెడ్‌ఫోన్లు చెవులకి అదుముకుని మూడుసార్లు విన్నది నోరీన్.
"తర్వాత?"
"చోటు లేక..." అన్నాను.
గోధుమ లారీ హారన్ కొట్టింది. లేచింది.
"పిలిచాడైతే," అంది, నాతో కాదు.
మధ్యాహ్నం కాటా గది అద్దంలోంచి
ఎవరికో ఫోను చేస్తూ కనిపించింది.
నేను వినలేదు. రికార్డూ చెయ్యలేదు.

ఇప్పుడు ఎర్రగీత ముందు కూర్చున్నాను.
ఒకప్పుడు ముచ్చటపడి ఒక ఫైలుకి
'వాన రాత్రి' అని పేరు పెట్టాను.
ప్రోగ్రాం దాన్ని తెరిచి, ఫ్రీక్వెన్సీ దొరక్క
ఆకాశాన్నంతా సున్నా దగ్గర కుప్పపోసింది.
తారీకు, గంట, అంకె,
ఈ మూడూ కదిలించకూడదని అప్పుడే నేర్చుకున్నాను.

ఏడో ముక్కకి మూడూ అలాగే ఉంచి
చివర ఒక అడ్డగీత గీసి, తెలుగులో
నోరీన్ అని రాశాను.
ప్రోగ్రాముకి మన అక్షరాలు రావు.
వరసగా ఖాళీ గళ్ళు చూపించింది.

ఉండనీ.
రేపు కొత్త డిస్కు కొనాలి.
అందాకా ఏది చెరపను?
గళ్ళు లేనివన్నీ పైనుంచి కిందికి
ఒక్కొక్కటే వింటున్నాను.
రెండు కావొస్తోంది, పైన అరగంట.